మూడు రంగుల పిల్లి

సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉంటే గోడ మీద నుంచి ఓ పిల్లి నడిచిపోయింది. తెలుపు, నలుపు, నారింజ రంగులతో అచ్చం అతుకుల బొంతలా ఉంది.

"తాతయ్యా, దీనికి చింటూగాడని పేరు పెడదామా?" అంది మనవరాలు.

"గాడు కాదే, అది ఆడపిల్లి."

"పట్టుకుని చూడకుండానే?"

రంగులు చూస్తే దాదాపు తేలిపోతుంది. పిల్లికి నారింజ రంగునిచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లికి మామూలుగా ఉన్నది ఒక్క ఎక్స్, దానికి తోడు ఓ చిన్న వై. కాబట్టి నారింజో నలుపో ఏదో ఒకటే దానికి దక్కుతుంది. ఆడదానికి ఎక్స్‌లు రెండు. ఒకదాని మీద నారింజ, రెండోదాని మీద నలుపు ఉండొచ్చు. తెలుపు సంగతి వేరు, దాని జన్యువు మరోచోట ఉంది.

"మరి రెండూ కలిసిపోయి ఒకే రంగు రావాలి కదా?"

ప్రశ్నంటే ఇదీ! కలవవు. పిల్లికూన ఇంకా తల్లి కడుపులో నలుసుగా ఉన్నప్పుడే ఒక్కో కణం తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని మూట కట్టి మూల పడేస్తుంది. ఏది పడేస్తుందన్నది బొమ్మా బొరుసే. నలుపును మూలన పడేసిన కణం సంతానమంతా నారింజ మచ్చ అవుతుంది, నారింజను పడేసిన దాని సంతానం నల్ల మచ్చ.

1949లో కెనడాలో మర్రీ బార్ అనే ఆయన పిల్లుల నరాల కణాలను మైక్రోస్కోపులో చూస్తుంటే, ఆడపిల్లుల కణాల్లో మాత్రం ఓ నల్లచుక్క కనబడింది. అది మూల పడ్డ ఎక్స్ అని తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. 1961లో ఇంగ్లండ్‌లో మేరీ లయన్ ఎలుకల బొచ్చు మీది మచ్చలు చూసి ఈ గుట్టు విప్పింది. ఇంటిపేరు సింహం, చూసింది ఎలుకల్ని, తేల్చింది పిల్లి లెక్క!

"మీ అమ్మా ఇలాంటి బొంతేనే. కాకపోతే బయటికి కనబడదు."

రెండు ఎక్స్‌లుంటే ఒకదాంట్లో లోపాన్ని రెండోది కాస్తుంది. మగాడికి ఆ ఆసరా లేదు. ఎరుపు, పచ్చ తేడా తెలియనివాళ్లలో మగవాళ్లే ఎక్కువ, అందుకే. అలాగని రెండుండడం అంతా లాభమే కాదు. మీ అమ్మ పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది చూడు, ఆ మాత్ర వేసుకునేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. థైరాయిడ్ మందగించడానికి తరచూ కారణం ఒంటికి కాపలా కాయాల్సిన వ్యవస్థే ఇంటివాళ్ల మీద పడి కొట్టడం. వీటిని ఆటోఇమ్యూన్ జబ్బులంటారు. ఇవి వచ్చేవాళ్లలో ప్రతి ఐదుగురిలో నలుగురు ఆడవాళ్లే. ముక్కుకు అటూ ఇటూ సీతాకోకచిలుక రెక్కల్లా ఎర్రగా దద్దు తేలే లూపస్‌లో అయితే 10 మందికి 9 మంది.

హార్మోన్ల వల్లేనని చాలాకాలం అనుకున్నారు. అదీ కొంత ఉంది. అయితే 2024లో స్టాన్‌ఫోర్డ్‌లో హోవర్డ్ చాంగ్ బృందం మూట కట్టే తాడును అనుమానించింది. దాని పేరు ఎగ్జిస్ట్, ఓ పొడవాటి ఆర్‌ఎన్‌ఏ. దానికి బోలెడు ప్రొటీన్లు అంటుకుని ఉంటాయి. కణం చచ్చి పగిలితే ఆ సామానంతా వీధిన పడుతుంది, కాపలావాడు దొంగసొత్తనుకుని ఈల వేస్తాడు. చాంగ్ బృందం మగ ఎలుకల్లో ఆ తాడు తయారయ్యేలా చేసి, లూపస్ లాంటి జబ్బు తెప్పించే రసాయనం ఎక్కించింది. దాదాపు ఆడవాటికి వచ్చినంతగా వాటికీ జబ్బు వచ్చింది. రసాయనం లేకుండా మాత్రం రాలేదు. ఎండుగడ్డి ఉన్నా నిప్పురవ్వ పడాలి కదా.

ఇన్నేళ్లూ ఇదెందుకు కనబడలేదంటావా? ఆడ ఎలుకలకు నాలుగైదు రోజులకోసారి హార్మోన్లు ఎగుడుదిగుడవుతాయి, లెక్కలు చెడతాయని చాలా ప్రయోగశాలల్లో మగవాటినే వాడేవారు. 2014లో పాత ప్రయోగాలెన్నో కూడబెట్టి చూస్తే, ఆడవాటి లెక్కలు మగవాటికన్నా ఎక్కువ చెదరడం లేదు. ఆడ, మగ రెండింటినీ లెక్కలోకి తీసుకోవాల్సిందేనని 2016 నుంచి అమెరికాలో వైద్య పరిశోధనలకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ నిధులడిగేవాళ్లకు చెబుతోంది. మామూలు మగ ఎలుకలో ఆ తాడే తయారవదు. అక్కడ ఎంత వెతికితే ఏం లాభం?

ఈలోపు మనవరాలు వంటింట్లోకి పరిగెత్తింది. "అమ్మా, నువ్వు అతుకుల బొంతవట!"

గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది కోడలు. "మావయ్యగారూ, ఏం నేర్పుతున్నారు దీనికి?"

గోడ మీద పిల్లి నావైపు చూసి, తోక ఊపి చక్కా పోయింది.