పరుగుల కారుకు ప్రయాణ సుఖం

మన టౌన్‌షిప్పు వీధులలో ఒకప్పుడు షిఫ్టు దిగే వేళకు సైకిళ్ళు, స్కూటర్లు బారులు తీరేవి. నేడు దాదాపు ప్రతి క్వార్టరు ముందూ ఒక కారు కనిపిస్తున్నది. ఉద్యోగంలో చేరిన పిల్లలు తమ సంపాదనతో కారు కొనుక్కోవడం, దానికి తమ అభిరుచి మేరకు హంగులు చేకూర్చుకోవడం సర్వసాధారణమైపోయింది. మా ఇంటి ముందు కూడా అటువంటి కారు ఒకటి ఉన్నది. దానిని పరుగు కోసం మార్చిన కథ మా అబ్బాయిది. దూర ప్రయాణం కోసం తిరిగి మార్చిన కథ మా ఇంటిల్లిపాదిది. ఈ రెండవ కథ మన సంస్థ కుటుంబాలలో కొందరికైనా ఉపకరిస్తుందన్న తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

తుని నుంచి వెనుదిరిగిన రోజు

మా అబ్బాయి సెకండ్ హ్యాండ్‌లో కొన్నది 2014లో తయారైన ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐ. ఈ రకం మన దేశంలో 2013లో విడుదలైంది. 2022లో మన దేశంలో పోలో కార్ల తయారీ ఆగిపోయింది. ఇంజను చూడబోతే 1,197 సి.సి. మాత్రమే. కాని టర్బోచార్జరు అండతో అది 105 హార్స్‌పవర్ శక్తినిస్తుంది. చూడటానికి చిన్నది, కదిలితే చిరుత.

ఉన్న పరుగు చాలదన్నట్లు మావాడు దానికి మరికొన్ని హంగులు చేర్చాడు. 15 అంగుళాల చక్రాలు తీసివేసి 17 అంగుళాలవి వేయించాడు. కారు నేలకు దగ్గరగా కనిపించాలని 40 మిల్లీమీటర్లు పొట్టి స్ప్రింగులు బిగించాడు. గర్జించే సైలెన్సరు, ముందు రెండు స్థానాలలో పందెపు కార్లలో ఉండే లోతైన సీట్లు అమర్చాడు. వాని మిత్రులందరూ మెచ్చుకున్నారు. మేమూ కాదనలేదు.

మా అమ్మగారికి ఎనభై ఒక్క ఏళ్ళు. తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగిన తరువాత రైలు పెట్టె మెట్లు ఎక్కడం ఆమెకు అసాధ్యమైంది. ఆమెకు మిగిలిన ఒక్కగానొక్క తోబుట్టువు, మా పిన్ని, ఉదయగిరి సమీపంలోని పల్లెలో ఉంటున్నది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. అక్కచెల్లెళ్ళు ఒకరినొకరు చూచుకొని ఆరేళ్ళయింది. విశాఖపట్నం నుంచి అక్కడికి ఆరువందల కిలోమీటర్ల పైమాటే. “నాన్నమ్మా, నా బండి ఉండగా నీకు రైలెందుకు? నేను తీసుకుపోతాను” అన్నాడు మావాడు. అమ్మగారి ముఖం వెలిగింది.

తెల్లవారుజామున ఐదు గంటలకు బయలుదేరాము. అనకాపల్లి దాకా అమ్మగారు చిన్ననాటి ముచ్చట్లు చెబుతూనే ఉన్నారు. ఆ తరువాత మాటలు తగ్గాయి. నక్కపల్లి దాటేసరికి తలుపు పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకొని కూర్చున్నారు. వంతెన అతుకు వచ్చినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకొనేవారు. తునిలో కాఫీకి ఆగితే దిగలేకపోయారు. “ఇంటికి పోదాం నాయనా, పిన్నికి ఫోను చేసి చెప్పండి” అన్నారు. వెనుదిరిగాము. రెండు రోజులు ఆమె మంచం దిగలేదు. మూడవనాడు అన్నం తింటూ మావాడు తల ఎత్తకుండానే “బండి అమ్మేస్తాను” అన్నాడు.

యంత్రంలో బేరింగు వేడెక్కితే యంత్రాన్ని అమ్మివేయము. ఎందుకు వేడెక్కిందో చూస్తాము. ఇన్నేళ్ళ మెయింటెనెన్సు ఉద్యోగం మాకు నేర్పినది అదే. అదే మాట వాడితో అన్నాము. ఆ ఆదివారం నుంచి కారు మా ఇంటి వర్క్‌షాపు అయింది.

కుదుపు లెక్క

కూర్చున్న మనిషి శరీరం అన్ని కదలికలను ఒకే తీరుగా భరించదు. కిందికీ పైకీ కలిగే కంపనాలలో సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చేవి మనలను ఎక్కువగా బాధిస్తాయి. పొట్టలోని అవయవాలు, వెన్నెముక ఆ లయకు తామూ ఊగుతాయి. సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు మెల్లగా లేచి దిగే ఊపు మాత్రం మన నడక లయకు దగ్గరగా ఉండి హాయిగా తోస్తుంది. సుఖానికి ప్రాధాన్యమిచ్చే కార్ల స్ప్రింగులను ఈ లెక్క మీదనే రూపొందిస్తారు. స్ప్రింగు బిగుసుకున్న కొద్దీ ఊపు వేగం పెరుగుతుంది. పొట్టి స్ప్రింగుకు మరొక దోషమున్నది. గుంతలో పడినప్పుడు చక్రం పైకి లేవడానికి చోటు చాలక, చివరనున్న రబ్బరు ఆపుడుకు ఠక్కున తగులుతుంది. అమ్మగారు కళ్ళు మూసుకొన్నది ఆ దెబ్బలకే.

అన్ని మార్పులూ ఒక్కసారిగా చేయరాదని ముందే నిశ్చయించుకున్నాము. ఒక మార్పు చేయడం, టౌన్‌షిప్పు చుట్టూ ఉన్న ఒకే దారిలో, ఒకే వేగంతో అమ్మగారిని తిప్పడం, ఆమె చెప్పినది కాగితం మీద వ్రాసుకోవడం, ఇదీ మా పద్ధతి. ఏ మందు ఏ రోగానికి పనిచేసిందో తెలియాలి కదా!

రబ్బరు తగ్గితే నొప్పి పెరుగుతుంది

మొదట చక్రాలు. టైరు పక్కన ఉండే అంకెలను చదవడం ప్రతి కారు యజమానీ నేర్చుకోదగిన విద్య. 185/60 ఆర్ 15 అంటే టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, అనగా 111 మిల్లీమీటర్లు, లోపలి చక్రం 15 అంగుళాలు. ఇది ఆ కారుకు కంపెనీ ఇచ్చిన కొలత. మావాడు వేయించినది 205/40 ఆర్ 17. దాని పక్క గోడ 82 మిల్లీమీటర్లే. మొత్తం చక్రం ఎత్తు రెండింటికీ ఇంచుమించు సమానమే. కాని ఇనుప దెబ్బకూ మన నడుముకూ మధ్య ఉండవలసిన గాలి దిండు దాదాపు 3 సెంటీమీటర్లు తరిగిపోయింది. పైగా పెద్ద చక్రం బరువెక్కువ. బరువైన చక్రం గుంతలో పడి లేచేటప్పుడు స్ప్రింగు దానిని త్వరగా అదుపు చేయలేదు.

పాత కొలత చక్రాలు వెదకి తెచ్చి, కొత్త టైర్లు వేయించాము. గాలి ఎంత ఉండాలో కారు మీదనే చీటీ అంటించి ఉంటుంది. ఆ మేరకు, బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి పట్టించాము. మైలేజి వస్తుందని ఎక్కువ గాలి కొట్టించడం మనలో చాలామందికి అలవాటు. ఆ గాలే టైరును రాయిలా మారుస్తుంది. ఈ మార్పు తరువాత అమ్మగారి తీర్పు: “చిన్న గతుకులు తెలియడం లేదు. పెద్దవి తెలుస్తున్నాయి.”

రెండవది స్ప్రింగులు. కంపెనీ స్ప్రింగులు గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టి ఉండటం మా అదృష్టం. వాటిని దించి బిగించాము. షాక్ అబ్జార్బర్లు మాత్రం కొత్తవి కొన్నాము. స్ప్రింగు ఊపును పుట్టిస్తే, దానిని అణచేది షాక్ అబ్జార్బరు. అందులోని నూనె కారిపోయినా, లోపలి కవాటాలు అరిగినా కారు పడవలా ఊగుతుంది. అరిగిన రబ్బరు బుష్‌లు కూడా అప్పుడే మార్పించి, చక్రాల అలైన్‌మెంటు సరిచేయించాము. కారు ఎత్తు మారింది గనుక హెడ్‌లైట్ల వాలు కూడా సరిచేయవలసి వచ్చింది. లేకపోతే ఎదుటివారి కళ్ళలో వెలుగు పడుతుంది.

సీటు చెప్పిన పాఠం

ఇంత చేసినా అమ్మగారు ఇరవై కిలోమీటర్ల తరువాత తుంటి పట్టుకున్నారు. మేము నిరుత్సాహపడ్డాము. అప్పుడు మావాడే కారు పక్కన చతికిలబడి, ఆమె ఎక్కడం, దిగడం రెండు మూడు సార్లు గమనించాడు. లోతైన సీటులో ఆమె నడుము మోకాళ్ళకన్నా కిందికి జారిపోతున్నది. రెండు పక్కలా లేచిన అంచులు దాటడానికి ఆమె విరిగి అతికిన కాలినే మెలితిప్పుతున్నారు. పందెంలో మలుపు తిరిగేటప్పుడు డ్రైవరును కదలనీయకుండా పట్టుకొనే ఆ అంచులే, గంటల తరబడి కూర్చొనే వృద్ధురాలికి బోనయ్యాయి.

పాత సీట్లు సామాను గదిలో ఉన్నాయి. వాటి మీద పిల్లి పడుకొంటున్నది. శుభ్రం చేసి తిరిగి బిగించాము. ఫిజియోథెరపిస్టును సంప్రదించి, వెనుకవైపు కొంచెం ఎత్తుగా ఉండే గట్టి దిండు ఒకటి చేయించాము. నడుము మోకాళ్ళకన్నా దిగువకు పోకూడదన్నది నియమం. మెత్తని స్పాంజి దిండు మొదట హాయిగా ఉంటుంది గాని, అరగంటలో అణగిపోతుంది. ముందుగా సీటు అంచున కూర్చొని, తరువాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవడం అమ్మగారికి అలవాటు చేశాము. దిండు వేసినప్పుడు సీటు బెల్టు పొట్ట మీదికి ఎగబాకకుండా, తుంటి ఎముకల మీదనే ఉండేటట్లు చూసుకోవాలి. సీటులోనే ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లకు మామూలు సీటు కవర్లు తొడగరాదన్న సంగతి కూడా పాఠకులు గుర్తుంచుకోవాలి.

మా కాగితం మీద అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వచ్చినది ఈ సీటుకే. మనం మొదట చక్రాలను చూశాము. మనిషిని చూచినవాడు మా అబ్బాయి.

నిశ్శబ్దం కూడా సుఖమే

అలసటలో శబ్దం వాటా తక్కువ కాదు. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 2,100 సార్లు తిరుగుతున్నదంటే సెకనుకు 70 దహనాలు జరుగుతున్నట్లు. హైవేలో ఒకే వేగంతో పోతున్నప్పుడు ఆ మోత కారు లోపలి గాలి లయతో కలిస్తే, డప్పులో కూర్చున్నట్లుంటుంది. అమ్మగారికి వినికిడి కొంత తక్కువ. ఆ మోతలో మా మాటలు ఆమెకు వినపడక ఒంటరి అయిపోయారని అప్పుడు మాకు తట్టలేదు. అటక మీది కంపెనీ సైలెన్సరు తిరిగి వచ్చింది. తలుపుల లోపలి రేకుకు, డిక్కీ అడుగుకు కంపనాన్ని మింగే రబ్బరు షీట్లు అతికించాము. తలుపు అడుగున నీరు పోయే రంధ్రాలు మూయకుండా జాగ్రత్తపడ్డాము. మూస్తే మన సముద్రపు గాలికి తుప్పు తథ్యం.

ఇక్కడ చట్టం మాట చెప్పడం అవసరం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. బీమా సంస్థకు తెలపని మార్పులు ప్రమాద సమయంలో పరిహారానికి అడ్డు రావచ్చు. మేము సుఖం కోసం చేసినవాటిలో చాలా భాగం కారును దాని అసలు రూపానికి తేవడమే గనుక, ఆ భయమూ తీరింది. తీసివేసిన చక్రాలు, సీట్లు అమ్మగా వచ్చిన సొమ్ము టైర్లకు, షాక్ అబ్జార్బర్లకు చాలావరకు సరిపోయింది.

మళ్ళీ ఉదయగిరి దారి

సంక్రాంతి వెళ్ళిన తరువాత మళ్ళీ బయలుదేరాము. ఈసారి రెండు రోజుల ప్రయాణంగా పెట్టుకొని, విజయవాడలో రాత్రి బస ఏర్పాటు చేసుకున్నాము. గంటన్నరకు ఒకసారి ఆగి, అమ్మగారిని చేయి పట్టుకొని నాలుగడుగులు నడిపించాము. ఎంత సుఖమైన కారైనా ఈ నడకకు బదులు కాదు.

తుని వచ్చినప్పుడు కారులో ఎవరమూ ఆ ఊరి పేరు పలుకలేదు. అమ్మగారే కిటికీలోంచి చూసి, “ఇక్కడే కదూ మనం కాఫీ తాగకుండా పోయింది? ఆపరా నాయనా, తాగుదాం” అన్నారు. మావాడు కారు ఆపి, ఆమె తలుపు తీయడానికి పరుగెత్తాడు.

పరుగు మాత్రం ఎక్కడికీ పోలేదు. చిలకలూరిపేట దాటాక ఇసుక లారీల వరుసను దాటవలసి వచ్చినప్పుడు ఆ చిన్న ఇంజను ఎప్పటివలెనే చిటికెలో పని ముగించింది. ఆ సమయంలో అమ్మగారు నిద్రపోతున్నారు. మావాడు అద్దంలోంచి మా వంక చూసి నవ్వాడు. ఆ కారు మీద ఎవరు ఏ మెప్పు చెప్పినా వాడు అలా నవ్వడం మేము చూడలేదు.

కావలి దగ్గర హైవే విడిచి, సాయంత్రానికి పల్లె చేరాము. పిన్ని వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చుని ఉన్నది. “ఇంత దూరం ఏ బండిలో వచ్చావే అక్కా?” అన్నది. “మనవడి బండిలోనే. ఇప్పుడు కుదరదులే, రేపు నిన్నూ ఎక్కిస్తాడు” అన్నారు అమ్మగారు. మరునాడు ఇద్దరినీ ఆ కారులోనే ఊరి గుడికి తీసుకువెళ్ళాడు మావాడు.

మీ పిల్లలు కారుకు హంగులు చేస్తామంటే వద్దనకండి. ఆ వయసుకు ఆ ముచ్చట సహజం. అయితే చట్టం ఒప్పుకొనే మార్పేనా అని ముందు కనుక్కోమనండి. ప్రతి మార్పు తరువాతా ఇంట్లోని పెద్దవారిని కూర్చోబెట్టి ఇరవై కిలోమీటర్లు తిప్పి తీసుకురమ్మనండి. ఆ ఇరవై కిలోమీటర్లలో వారు మాట్లాడుతూనే ఉంటే, ఆ కారు ఎంత దూరమైనా పోతుంది.