అంతర్జాతీయ అభివృద్ధి శాఖ (బ్రిటన్)

అంతర్జాతీయ అభివృద్ధి శాఖ (డి.ఎఫ్.ఐ.డి.) 1997 నుండి 2020 వరకు బ్రిటన్ ప్రభుత్వపు విదేశీ సహాయాన్ని నిర్వహించిన మంత్రిత్వ శాఖ. 2020 సెప్టెంబరు 2న దీనిని విదేశాంగ శాఖలో విలీనం చేశారు.

చరిత్ర

1964లో హెరాల్డ్ విల్సన్ నాయకత్వంలోని లేబర్ ప్రభుత్వం విదేశీ సహాయానికి ప్రత్యేక మంత్రిత్వ శాఖను నెలకొల్పింది. బార్బరా కాజిల్ దాని తొలి మంత్రి. 1970లో కన్సర్వేటివ్ ప్రభుత్వం దానిని విదేశాంగ శాఖలో కలిపింది. 1974లో లేబర్ ప్రభుత్వం విడదీయగా, 1979లో కన్సర్వేటివ్ ప్రభుత్వం తిరిగి కలిపింది.

సహాయం పేదల కొరకా, దేశ ప్రయోజనాల కొరకా అన్నదే ఈ మార్పుల వెనుక ఉన్న ముఖ్య వివాదం. మలేషియాలోని పెర్గావు ఆనకట్టకు ఇచ్చిన సహాయం ఆయుధాల అమ్మకంతో ముడిపడి ఉన్నదన్న విమర్శలు వచ్చాయి. ఆర్థికంగా లాభసాటి కాని ఆ పథకానికి నిధులివ్వడం చట్టవిరుద్ధమని 1994లో హైకోర్టు తీర్పు చెప్పింది. 1997లో టోనీ బ్లెయిర్ ప్రభుత్వం క్లేర్ షార్ట్ మంత్రిగా ఈ శాఖను ఏర్పరచింది. అభివృద్ధి సహాయం పేదరికాన్ని తగ్గించేందుకు తోడ్పడాలని 2002 నాటి చట్టం నిర్దేశించింది.

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో

అనంతపురం, కర్నూలు, ప్రకాశం, మహబూబ్ నగర్, నల్గొండ జిల్లాలలో వాటర్‌షెడ్ పనులు చేపట్టిన గ్రామీణ జీవనోపాధుల పథకానికి ఈ శాఖ నిధులు సమకూర్చింది.

విలీనం

దౌత్యము, సహాయము ఒకే విధానంగా సాగాలన్నది 2020లో ప్రధాని బోరిస్ జాన్సన్ వాదన. దీనివలన పేదరిక నిర్మూలన వెనుకబడుతుందని పలు స్వచ్ఛంద సంస్థలు విమర్శించాయి. 2021లో సహాయ లక్ష్యాన్ని జాతీయాదాయంలో 0.7 శాతం నుండి 0.5 శాతానికి తగ్గించారు. శాఖ రద్దయినప్పటికీ 2002 నాటి చట్టం అమలులోనే ఉన్నది.