ఆర్32 ఏసీకి ఏ అడాప్టర్? ఇత్తడి ముక్కే కదా అని కొనేయకండి

ఆన్‌లైన్‌లో "ఆర్32 ఏసీ అడాప్టర్" అని కొట్టి చూడండి. ఇత్తడి ముక్కలు వరసగా దిగుతాయి. ఒకటి నిటారుగా, ఒకటి 90 డిగ్రీలు వంగి, ఇంకోదానికి చిన్న పిడి. చూడ్డానికి అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. సగానికి పైగా పేర్లలో "యూనివర్సల్" అనే మాట. ఛార్జింగ్ కేబుల్ తప్పుది కొంటే మహా అయితే ఫోన్ స్లోగా ఎక్కుతుంది. ఇక్కడ తప్పుది కొంటే మైనస్ 50 డిగ్రీల లిక్విడ్ వేళ్ల మీద చిమ్మొచ్చు. లేదా వేలు పోసి ఎక్కించిన గ్యాస్ వేసవి మధ్యలోనే గాలికి పోవచ్చు.

ఇది చదివి మీరే గ్యాస్ నింపేసుకోండి అని చెప్పడం లేదు. వారంటీ ఉన్న ఏసీ అయితే అసలు వేలు పెట్టకండి. కానీ టూల్స్ మీద ఇష్టంతో గేజ్ సెట్ కొనేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. కొనని వాళ్లకి కూడా, ఇంటికి వచ్చిన టెక్నీషియన్ ఏం బిగిస్తున్నారో తెలిస్తే మంచిదే.

ముందు పోర్ట్ చూద్దాం

స్ప్లిట్ ఏసీ ఔట్‌డోర్ యూనిట్ పక్కన రెండు ఇత్తడి వాల్వ్‌లు ఉంటాయి. సన్న పైపు వచ్చేది లిక్విడ్ సైడ్, లావు పైపు వచ్చేది గ్యాస్ సైడ్. లావు పైపు వాల్వ్‌కి మూత పెట్టి ఇంకో చిన్న మూతి బయటికి ఉంటుంది చూశారా, అదే సర్వీస్ పోర్ట్. మూత లోపల ఉండేది మీకు కొత్తేం కాదు. బైక్ ట్యూబ్‌లో ఉండే పిన్ వాల్వ్ లాంటిదే, పేరు ష్రేడర్ వాల్వ్. 1893లో టైర్ల కోసం పేటెంట్ అయిన డిజైన్ ఇప్పటికీ ఏసీల్లో నడుస్తోంది. మధ్యలో పిన్ను నొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే స్ప్రింగ్ మూసేస్తుంది. అలాగని పంక్చర్ షాపులో దొరికే పిన్ను తెచ్చి ఏసీలో పెట్టకండి. దాని రబ్బరు గాలి కోసం చేసింది, రిఫ్రిజెరెంట్‌నీ కంప్రెసర్ ఆయిల్‌నీ తట్టుకోడానికి కాదు.

అసలు గొడవ ఈ పోర్ట్ సైజు దగ్గర మొదలవుతుంది. పాత ఆర్22 ఏసీల్లో ఇది 1/4 అంగుళం ఫ్లేర్. ఆర్410ఏ వచ్చాక స్ప్లిట్ ఏసీల్లో 5/16 అంగుళం పోర్ట్ వచ్చింది, ఆర్32 మోడళ్లలో కూడా చాలావరకు అదే. అయితే 1/4, 5/16 అనేవి మీరు స్కేలు పెట్టి కొలిచే మర సైజులు కావు, వాటికి సరిపోయే రాగి ట్యూబ్ బయటి వ్యాసాలు. పోర్ట్ మర బయటి వ్యాసం కొలిస్తే 1/4 ఫ్లేర్‌కి సుమారు 11.1 మి.మీ., 5/16 ఫ్లేర్‌కి సుమారు 12.7 మి.మీ. వస్తుంది. రెండిటికీ అంగుళానికి 20 చుట్లే, కాబట్టి కంటితో చూసి తేడా చెప్పడం కష్టం. వెర్నియర్ కాలిపర్ ఉంటే ఒక్క సెకను పని. లేకపోతే ఒక గుర్తు: పాత 1/4 హోస్ నట్టు 5/16 పోర్ట్ మీద అసలు కూర్చోదు. 5/16 నట్టు 1/4 పోర్ట్ మీద పెడితే మర పట్టకుండా వదులుగా జారిపోతుంది. రెండో కేసులో టేపు చుట్టి బిగించే మహానుభావులు ఉన్నారు. దయచేసి ఆ పని చేయనివ్వకండి.

సైజు ఎందుకు మార్చారు?

యూఎస్‌బీ-ఏ పోయి యూఎస్‌బీ-సీ వచ్చినట్టు ఇది సౌకర్యం కోసం మార్చింది కాదు. పాత సామాను కొత్త గ్యాస్‌కి తగిలించకూడదని పెట్టిన అడ్డు. అంకెలు చూస్తే ఎందుకో తెలుస్తుంది.

మే నెల మధ్యాహ్నం, ఏసీ ఆఫ్‌లో ఉంది, ఔట్‌డోర్ యూనిట్ మొత్తం 40 డిగ్రీల దగ్గర ఉంది అనుకుందాం. లోపల ఆర్22 ఉంటే ప్రెషర్ దాదాపు 208 పీఎస్ఐ. ఆర్32 ఉంటే దాదాపు 345 పీఎస్ఐ. మన ఊళ్లలో మేడ మీద ఎండలో ఉన్న యూనిట్ 45 డిగ్రీలు దాటడం పెద్ద విషయమేం కాదు, అప్పుడు 390 దాకా వెళ్తుంది. ఇప్పుడు ఆర్22 కోసం చేసిన గేజ్ సెట్ తీసుకోండి. నీలం మీటర్, అంటే లో సైడ్‌ది, మామూలుగా 250 పీఎస్ఐ దగ్గర ఆగిపోతుంది. మీరు తగిలించాల్సింది ఆ నీలం హోసే. ఏసీ ఆన్ చేయకముందే, తగిలించిన క్షణంలోనే ముల్లు చివరికి వెళ్లి కొట్టుకుంటుంది. మీటర్ పోతే పోయింది, హోస్ పరిస్థితి ఏంటి? ఆర్410ఏ, ఆర్32 కోసం చేసిన హోస్‌ల మీద 800 పీఎస్ఐ వర్కింగ్, 4000 పీఎస్ఐ బర్స్ట్ అని అచ్చేసి ఉంటుంది. పాత హోస్‌లకి అంత రేటింగ్ ఉండదు.

ఇంకోటి ఆయిల్. ఆర్22 ఏసీల్లో మినరల్ ఆయిల్, ఆర్32లో సింథటిక్ ఆయిల్. పాత హోస్‌లో మిగిలిన మినరల్ ఆయిల్ కొత్త సిస్టమ్‌లోకి వెళ్లకూడదు. 5/16 పోర్ట్ ఈ రెండు విషయాలూ ఒకేసారి చెబుతోంది.

5/16 నుంచి 1/4కి మార్చే అడాప్టర్ పెట్టడం అంటే ఆ తాళం మీరు తీసినట్టే. అది తప్పు కాదు, టెక్నీషియన్లు రోజూ చేసేదే. కానీ తాళం తీశాక వెనక ఉన్న హోస్, గేజ్ రెండూ ఆర్32కి సరిపోతాయా అని చూసుకునే బాధ్యత మీది. అడాప్టర్ మీద "ఆర్32 కంపాటబుల్" అని రాసి ఉంటే చాలదు, దాని వెనక తగిలించేవన్నీ కంపాటబుల్ అవ్వాలి.

మరి ఏది కొనాలి?

అన్నిటికంటే చవకైనది మామూలు ఇత్తడి అడాప్టర్. ఒక పక్క 5/16 ఫీమేల్, ఇంకో పక్క 1/4 మేల్. పని చేస్తుంది, అబద్ధం చెప్పను. కొనే ముందు ఫొటో జూమ్ చేసి 5/16 పక్క లోపల చూడండి. మధ్యలో పిన్ను కనబడాలి. పోర్ట్‌లోని ష్రేడర్‌ని నొక్కేది అదే. అది లేకపోయినా, పొట్టిగా ఉన్నా వాల్వ్ తెరుచుకోదు, గేజ్ సున్నా చూపిస్తుంది, "సార్, గ్యాస్ మొత్తం అయిపోయింది" అనే డైలాగ్ వినాల్సి వస్తుంది. పిన్ను చుట్టూ రబ్బరో టెఫ్లానో వాషర్ కూడా ఉండాలి, స్పేర్ వాషర్లు ఇచ్చే ప్యాక్ అయితే ఇంకా మంచిది.

ఈ మామూలు అడాప్టర్‌తో చిక్కు బిగించేటప్పుడు కాదు, విప్పేటప్పుడు. నట్టు విప్పుతుంటే ష్రేడర్ మూసుకునే లోపు మర సందులోంచి గ్యాస్ బుస్సుమంటుంది. ఎంత పోతుందో లెక్కేద్దాం. లోపలి వ్యాసం 5 మి.మీ. ఉన్న ఒకటిన్నర మీటర్ హోస్‌లో దాదాపు 29 మి.లీ. పడుతుంది. ఏసీ రన్నింగ్‌లో ఉండి హోస్‌లో ఉన్నది గ్యాస్ అయితే ఆ మొత్తం బరువు గ్రాము కూడా ఉండదు, పెద్ద నష్టం లేదు. అదే హోస్‌లో లిక్విడ్ నిలిచి ఉంటే దాదాపు 28 గ్రాములు. 700 గ్రాముల ఛార్జ్ ఉన్న ఏసీకి అది 4 శాతం. డబ్బు సంగతి పక్కన పెట్టండి, ఆ లిక్విడ్ మరిగేది మైనస్ 52 డిగ్రీల దగ్గర. చర్మం మీద పడితే కాలినట్టే ఉంటుంది. పైగా ఆర్32 కొద్దిపాటి మండే గుణం ఉన్న ఏ2ఎల్ క్లాస్ గ్యాస్, కిటికీ దగ్గర సిగరెట్ పట్టుకుని నిలబడి చూసే పని కాదు.

అందుకే నా ఓటు బాల్ వాల్వ్ ఉన్న 90 డిగ్రీల అడాప్టర్‌కి. పిడి తిప్పితే హోస్ వైపు దారి మూసుకుపోతుంది, ముందు అది మూసి తర్వాతే విప్పుతారు. వంగినది ఎందుకంటే మన అపార్ట్‌మెంట్లలో ఔట్‌డోర్ యూనిట్ గోడకి ఆనుకుని ఇనప స్టాండ్ మీద వేలాడుతుంటుంది, నిటారు అడాప్టర్ పెడితే హోస్ గోడకి తగిలి మెలి పడుతుంది. ఈ రెండు కారణాలూ కలిపి చూస్తే ఎక్స్‌ట్రా డబ్బు పెట్టొచ్చు. పిడి వదులుగా ఉందా, ఏ పొజిషన్‌లోనైనా గ్యాస్ కారుతోందా అన్నది మాత్రం సబ్బు నురగ పెట్టి చూసుకోండి.

దీనికి పై మెట్టు కోర్ రిమూవల్ టూల్. ఇది నాకు బాగా నచ్చిన టూల్. సిస్టమ్‌లో ప్రెషర్ ఉండగానే ష్రేడర్ పిన్నుని బయటికి లాగి, దారి మూసి, మళ్లీ పెట్టొచ్చు. లీక్ అవుతున్న పిన్ను మార్చడానికి గ్యాస్ అంతా వదలక్కర్లేదు. కానీ దీని అసలు ఉపయోగం వాక్యూమ్ అప్పుడు. ష్రేడర్ పిన్ను అంటే దారి మధ్యలో నిలబడ్డ మనిషి లాంటిది, పంపు ఎంత మంచిదైనా ఆ సందులోంచే లాగాలి. హోస్ సైజు కూడా అంతే. పైపులో ప్రవాహం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి 1/4 బదులు 3/8 హోస్ వాడితే లెక్క ప్రకారం 5 రెట్లు.

వాక్యూమ్ దేనికంటారా, తేమ పోవడానికి. 30 డిగ్రీల దగ్గర నీళ్లు మరగాలంటే ప్రెషర్ 32,000 మైక్రాన్ల కిందకి దిగాలి. మంచి టెక్నీషియన్లు 500 మైక్రాన్ల దాకా దింపి, పంపు ఆపి, అక్కడే నిలబడుతుందో లేదో చూస్తారు. విశాఖ లాంటి తేమ ఊళ్లో పది నిమిషాలు పంపు తిప్పి "అయిపోయింది" అంటే ఒప్పుకోకండి, ఈ సింథటిక్ ఆయిల్ తేమని స్పాంజిలా పీల్చుకుంటుంది. కోర్ టూల్ కొంటే మాత్రం 5/16 వెర్షనే తీసుకోండి. 1/4 టూల్‌కి మామూలు అడాప్టర్ తగిలిస్తే ఆ అడాప్టర్ మధ్యలోని పిన్నే అడ్డుపడుతుంది, కోర్ దాకా టూల్ వెళ్లదు.

యూట్యూబ్ చూసి ఆర్డర్ పెట్టేవాళ్లకి

అమెరికా వీడియోల్లో ఆర్410ఏ ఏసీకి కూడా 1/4 హోస్ నేరుగా బిగించేస్తారు. అక్కడి ఇళ్లలోని పెద్ద సెంట్రల్ యూనిట్లకి పోర్ట్ 1/4లోనే ఉంటుంది మరి. మన స్ప్లిట్‌లది జపాన్ పద్ధతి, ప్రపంచంలో మొదటి ఆర్32 ఏసీని డైకిన్ 2012లో తెచ్చింది కూడా జపాన్‌లోనే. అందుకని వీడియో కింద లింకు కాకుండా మీ యూనిట్ పోర్ట్ కొలత నమ్మండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇంకో మాట: అక్కడ రిఫ్రిజెరెంట్ లైన్ విప్పాలంటే ఈపీఏ సెక్షన్ 608 సర్టిఫికెట్ ఉండాలి, హాబీ లెక్కలోకి రాదు.

కారు ఏసీకి ఇవేవీ పట్టవు. ఆర్134ఏ కార్లకి లో సైడ్ 13 మి.మీ., హై సైడ్ 16 మి.మీ. క్విక్ కప్లర్లు, అది వేరే లోకం. విండో ఏసీకి మామూలుగా సర్వీస్ పోర్టే ఉండదు. దాని కోసం రాగి పైపుకి చిల్లు పెట్టి బిగించే పియర్సింగ్ వాల్వ్ అమ్ముతుంటారు. అది పెట్టి వదిలేస్తే పైపు మీద శాశ్వతంగా ఒక లీక్ పాయింట్ పెట్టుకున్నట్టే. పిన్ వాల్వ్ బ్రేజింగ్ చేయించుకోవడమే నయం.

ఇక టేపు సంగతి. ఫ్లేర్ జాయింట్ సీల్ అయ్యేది మర దగ్గర కాదు, లోపల లోహం మీద లోహం కూర్చునే ఏటవాలు ముఖం దగ్గర. మరకి టెఫ్లాన్ టేపు చుడితే లాభం లేదు, పైగా ముక్కలు లోపలికి పోతాయి. ఆ ముఖం మీద ఒక చుక్క కంప్రెసర్ ఆయిల్ రాస్తే చాలు. 1/4 నట్టుకి 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు సరిపోతుంది, రెండు చేతులతో పానా మీద వేలాడక్కర్లేదు.

ఇల్లు మారుతున్నారా?

హైదరాబాద్‌లో అద్దెకి ఉండే మనలాంటి వాళ్లకి ఈ ఫిట్టింగ్‌తో ఎక్కువ పని పడేది షిఫ్టింగ్ అప్పుడే. ఏసీ విప్పే ముందు గ్యాస్‌ని ఔట్‌డోర్ యూనిట్‌లోకి లాగేస్తారు, దీన్ని పంప్ డౌన్ అంటారు. లిక్విడ్ వాల్వ్‌ని ఎల్-కీతో మూసి, కంప్రెసర్ నడుస్తుండగా గేజ్ సున్నా దగ్గరికి రాగానే గ్యాస్ వాల్వ్ మూసి, వెంటనే ఆఫ్ చేయాలి. చాలామంది గేజ్ పెట్టకుండా అంచనాతో చేసేస్తారు. ప్రెషర్ సున్నా దాటి వాక్యూమ్‌లోకి వెళ్లిందంటే వదులుగా ఉన్న అడాప్టర్ గ్యాస్‌ని బయటికి వదలదు, గాలిని లోపలికి లాగుతుంది. గాలి, ఆయిల్ ఆవిరి కలిసి కంప్రెసర్‌లో నలిగితే డీజిల్ ఇంజిన్‌లో జరిగేదే అక్కడా జరుగుతుంది, కంప్రెసర్ పేలిపోవచ్చు. కాబట్టి షిఫ్టింగ్‌కి వచ్చినవాళ్లని "అన్నా, గేజ్ తెచ్చారా?" అని అడగండి. తేలేదంటే ఇంకో రోజు రమ్మనండి.

పని అయ్యాక పోర్ట్ మీద ఇత్తడి మూత తిరిగి పెట్టారో లేదో చూడండి. చాలామంది దాన్ని దుమ్ము పడకుండా పెట్టేదనుకుంటారు. ష్రేడర్ పిన్ను కొద్దిగా కారినా గ్యాస్‌ని ఆపేది ఆ మూతే. లోపల రబ్బరు రింగు పగిలిపోతే కొత్త మూత వేయించుకోండి, పారేసిన మూత స్థానంలో ప్లాస్టిక్‌ది పెట్టి వెళ్లిపోతే ఒప్పుకోకండి. మూత బిగించాక దాని చుట్టూ ఒకసారి, రెండు ఫ్లేర్ నట్టుల దగ్గర ఒకసారి సబ్బు నురగ రాసి రెండు నిమిషాలు చూడండి. బుడగ రాకపోతే డబ్బులిచ్చేయండి.