కాందిశీకుల సొమ్ము: చెక్కు రాసే ముందు నాలుగు ప్రశ్నలు

కాందిశీకులన్న మాట మన తెలుగువాళ్ళకి కొత్తది కాదు. 1942లో జపాను సైన్యం రంగూను పట్టుకున్నప్పుడు కొండలూ అడవులూ దాటి నడిచివచ్చిన లక్షలాది భారతీయుల్లో మనవాళ్ళు చాలామంది ఉన్నారు. 1960ల్లో బర్మాలో దుకాణాలు జాతీయం చేసిన తర్వాత ఓడలెక్కి వచ్చినవాళ్ళు మరికొందరు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు అలా మిగిలిందే.

1971లో తూర్పు బెంగాలునుంచి సుమారు కోటిమంది మన దేశంలోకి వచ్చినప్పుడు ప్రభుత్వం ఉత్తరాలమీద 5 పైసల అదనపు బిళ్ళ అంటించమంది. ఆ ఏడాది నవంబరు 15న మొదలై 1973 మార్చి ఆఖరువరకు సాగిన ఆ పన్ను మన పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పెళ్ళి శుభలేఖ పంపినవాడూ, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినవాడూ అందరూ దాతలే. కాని ఆ 5 పైసలు ఎక్కడికి చేరాయని పోస్టాఫీసు కిటికీ దగ్గర అడిగినవాళ్ళు ఎంతమంది?

ఈ ప్రశ్న ఇప్పుడు ఎందుకంటే, ఉగాది విందులో పోగయిన సొమ్ముని శరణార్థుల సహాయానికి పంపాలని మన కార్యవర్గం ఆలోచిస్తోంది. సభ్యుల్లో రెండు పక్షాలున్నాయి. ఆఫీసు ఖర్చుల కింద ఒక్క పెన్నీ కూడా తీసుకోని సంస్థకే ఇవ్వాలని ఒక పక్షం. ఎవరికిచ్చినా మధ్యలోనే హారతి కర్పూరమవుతుంది, ఇవ్వడమే దండగని రెండో పక్షం. మేము వృత్తిరీత్యా వైద్యులం, జమాఖర్చుల పండితులం కాము. అయినా ఈ సంగతి కాస్త చదివి చూశాక, శిబిరంలో పద్దు పుస్తకం పని ఆసుపత్రిలో రోగి చార్టు పనిలాంటిదేనని మాకు తోచింది. చార్టు లేకుండా మందు ఇవ్వడం ఎంత ప్రమాదమో, పద్దు లేకుండా బియ్యం పంచడమూ అంతే.

1971నే తీసుకోండి. సరిహద్దు దగ్గర బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. సెలైను సీసాలు చాలలేదు, ఎక్కించే చేతులూ చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కొలిపించి కలకత్తాలో పొట్లాలు కట్టించి, శిబిరంలో డ్రమ్ముల్లో నీళ్ళకి కలిపి నోటిద్వారా తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి వచ్చాయి. ఇది వైద్యంలో ఎంత విజయమో, ఉన్న కొద్దిపాటి వనరుల్ని సరిగా వాడుకోవడంలోనూ అంత విజయం. ఇంకొకటి: ఆ శాతాలు ఈనాడు మనకి తెలుస్తున్నాయంటే, అంత గందరగోళంలోనూ ఎవరో కూర్చుని లెక్క రాశారు కనకనే. 2023లో ఆయనకి మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆ లెక్క రాసినవాళ్ళ పేర్లు మనకెవరికీ తెలియవు.

ఇక ప్రశ్నలు. మొదటిది: తలలు ఎవరు లెక్కపెట్టారు?

శిబిరంలో అన్నిటికీ ఆధారం జనసంఖ్య. మనిషికి రోజుకి 15 లీటర్ల నీళ్ళు, 20 మందికి ఒక మరుగుదొడ్డి ఇలా అన్నీ దానిమీదే కడతారు. రోజుకి 10,000 మందిలో ఒకరికన్న ఎక్కువ చనిపోతే అత్యవసర పరిస్థితి అని మేము అంటాం. జనసంఖ్యే తప్పయితే ఆ కొలతా తప్పే. 1994 జులైలో రువాండానుంచి లక్షలమంది కొద్ది రోజుల్లోనే అప్పటి జయీరులోని గోమాకి చేరారు. మొదటి నెలలోనే దాదాపు 50,000 మంది పోయారు, ఎక్కువగా కలరా, విరేచనాలవల్ల. ఆ తర్వాత బయటపడ్డ సంగతి ఇంకా ఘోరం. స్వదేశంలో నరమేధం జరిపించిన నాయకులే శిబిరాల్లో పెద్దలై కూర్చున్నారు. సంఖ్య ఎక్కువ చెప్పి, పంపకం తమ చేతుల్లో పెట్టుకుని, మిగిలింది తమ బలగానికి వాడుకున్నారు. సరిహద్దులు లేని వైద్యుల సంస్థ ఫ్రెంచి శాఖ ఆ ఏడాది నవంబరులో అక్కడి పనే మానుకుంది. లెక్క తప్పితే సొమ్ము వృథా కావడమొక్కటే కాదు, హంతకుడికి అన్నం పెట్టినట్టు కూడా అవుతుందన్నమాట.

యుగాండాలో 2018లో వేలిముద్రలూ కనుపాపలూ తీసి మళ్ళీ లెక్కపెడితే, 14 లక్షలనుకున్న శరణార్థులు 11 లక్షలకి దిగారు. తగ్గినదంతా దొంగ లెక్కే అనలేం. వెళ్ళిపోయినవాళ్ళుంటారు, రెండుచోట్ల పేరు పడ్డవాళ్ళుంటారు. కాని ఆ లెక్కమీద బడ్జెట్లు సాగాయన్నది నిజం.

రెండో ప్రశ్న: ఎవరు అడిగారు, ఎవరు కొన్నారు, ఎవరు అందుకున్నారు, ఎవరు డబ్బిచ్చారు?

ఈ నాలుగు పనులూ నలుగురు చెయ్యాలి. ఇద్దరు ఒక్కటవడం తేలికే, నలుగురు ఒక్కటవడం కష్టం. పెళ్ళింట్లో సామాను కొనే మేనమామ చేతికే కొట్టు తాళాలూ, డబ్బు సంచీ కూడా ఇస్తే ఏమవుతుందో మనకి తెలుసు. మేనమామ మంచివాడే అయినా, ఎంత మిగిలిందో చెప్పలేడు. ఐక్యరాజ్యసమితి సొంత తనిఖీ శాఖ 2018లో శరణార్థుల సంస్థ యుగాండా ఆఫీసుని పరీక్షించి కఠినంగానే రాసింది. 2017 చివరి నెలల్లో 50,000 తోపుడుబళ్ళు, 2,88,000 దుప్పట్లు, 15,000 సౌరదీపాలు కొన్నారు. ఆ తర్వాత కూడా చాలావరకు గోదాముల్లోనే ఉన్నాయి. చలికి వణికేవాళ్ళు బయట, దుప్పట్లు లోపల. ఆ సొమ్మంతా ఎవరో జేబులో వేసుకున్నారని కాదు. బడ్జెట్టు సంవత్సరం ముగిసేలోగా ఖర్చు చూపించాలన్న తొందరకి తనిఖీ లేకపోతే జరిగేది ఇలాంటిదే. ఒక సంగతి గమనించాలి. ఆ నివేదికని బయటపెట్టింది శత్రువులు కాదు, సొంత ఆడిటర్లే. తన తప్పులు తనే అచ్చువేసే సంస్థని, అసలు తప్పే లేదనే సంస్థకన్న ఎక్కువ నమ్మవచ్చునని మా అభిప్రాయం.

మూడో ప్రశ్న: చేరిందా అని ఆ మనిషినే అడిగారా?

మంచి సంస్థలు పంపకమైన కొద్ది రోజులకి వేరే మనుషుల్ని గుడారాలకి పంపి, "మీకెంత అందింది? ఎవరికైనా ఏమైనా ఇవ్వాల్సి వచ్చిందా?" అని అడిగిస్తాయి. ఫిర్యాదు పెట్టె ఒకటి గోడకి తగిలిస్తే సరిపోదు. చదువురాని తల్లి అందులో ఏం వేస్తుంది? ఆడవాళ్ళ మాట వినడానికి ఆడవాళ్ళే ఉండాలి. ఇప్పుడు చాలాచోట్ల వస్తువులకి బదులు డబ్బే ఇస్తున్నారు. జోర్డానులోని జాతరీ శిబిరంలో 2016నుంచి కొట్లో కనుపాప చూపించి సరుకులు కొనుక్కునే పద్ధతి వచ్చింది. మధ్యవర్తులు తగ్గారు. కాని ప్రతి మందుకీ ఏదో ఒక వికారం ఉన్నట్టే దీనికీ ఉంది. బంగ్లాదేశ్‌లో రోహింగ్యాలనుంచి సేకరించిన వివరాలు వాళ్ళ సరైన అనుమతి లేకుండా, వాళ్ళు ఎవరినుంచి పారిపోయి వచ్చారో ఆ మయన్మార్ ప్రభుత్వానికే చేరాయని 2021లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఆరోపించింది. అనుమతి తీసుకున్నామని శరణార్థుల సంస్థ జవాబిచ్చింది. ఎవరి మాట ఎలా ఉన్నా, దొంగతనం ఆపే ఏర్పాటు కూడా కొత్త ప్రమాదం తేగలదని తనిఖీ చేసేవాళ్ళు మరిచిపోకూడదు.

నాలుగో ప్రశ్న: రేపు డబ్బు ఆగిపోతే ఏం చేస్తారు?

శరణార్థుల సంస్థ దాదాపు పూర్తిగా స్వచ్ఛంద విరాళాలమీదే నడుస్తుంది. ఇద్దరు ముగ్గురు పెద్ద దాతలమీద ఆధారపడితే వాళ్ళు చెయ్యి తీసిన రోజున పొయ్యి ఆరిపోతుంది. 2025లో అమెరికా సహాయం బాగా తగ్గించినప్పుడు ప్రపంచమంతా ఇదే చూసింది. అంతకుముందే కాక్స్ బజారులో రోహింగ్యాలకి నెలకి మనిషికి 12 డాలర్లుగా ఉన్న తిండి భత్యాన్ని 2023 మార్చిలో 10కి, జూనులో 8కి తగ్గించారు. ఆ ఏడాది చివరికి పిల్లల్లో పోషకాహార లోపం 15 శాతం దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసరమని గీసిన గీత అదే. 2024లో భత్యం మళ్ళీ పెంచారు. పద్దు పుస్తకంలో 4 డాలర్ల కోత పిల్లల వైద్యుడికి కొలతపట్టీమీద కనిపిస్తుంది. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకి తగ్గిందంటే ఆ పిల్ల ప్రాణం మీదికి వచ్చిందన్నమాట. అందుకే నిల్వ నిధి ఉంచుకోవడం పిసినారితనం కాదు.

ఇవన్నీ విని, ఇంత చిక్కుంటే ఇవ్వకపోవడమే మేలనుకునేవారికి ఒక మాట. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోకూడదు. 2011లో సోమాలియాలో కరవు ముదిరినప్పుడు, సాయం సాయుధ ముఠాల చేతుల్లో పడితే తమమీద కేసులొస్తాయన్న భయం దాతలనీ సంస్థలనీ వెనక్కి లాగింది. ఆ ముఠాలూ చాలా సంస్థల్ని రానివ్వలేదు. జులైలో ఐక్యరాజ్యసమితి కరవు ప్రకటించేసరికే వేలాదిమంది నడిచి కెన్యాలోని దాదాబ్ శిబిరానికి చేరుతున్నారు. ఆ విపత్తులో సుమారు 2,58,000 మంది చనిపోయారని తర్వాత అంచనా వేశారు. వాళ్ళలో సగం అయిదేళ్ళలోపు పిల్లలు. డబ్బు పోతుందన్న భయం ఒక పళ్ళెంలో, మనుషులు పోతారన్న భయం రెండో పళ్ళెంలో పెట్టి తూచాలి. మొదటిదాన్నే చూసే తనిఖీ సగం తనిఖీయే.

ఇప్పుడు ఆఫీసు ఖర్చుల సంగతి. పైన చెప్పిన పనులన్నీ, అంటే తలలు లెక్కపెట్టడం, గోదాము చూడటం, గుడారానికి వెళ్ళి అడగడం, ఎవరో జీతం తీసుకుని చెయ్యాలి. ఆ జీతమే ఆఫీసు ఖర్చు. మాకు పైసా ఖర్చు లేదు అన్నారంటే, ఇంకెవరో ఆ ఖర్చు భరిస్తూ ఉండాలి, లేదా లెక్క చూసేవాళ్ళే లేకుండా ఉండాలి. మొదటిదయితే సంతోషం. రెండోదయితే మన సొమ్ము దేవుడికి వదిలినట్టే.

కనక సభ్యులకి మా సూచనలు ఇవి. ఇంగ్లండు, వేల్సులలో రిజిస్టరయిన ప్రతి ధర్మసంస్థ వివరాలూ చారిటీ కమిషన్ రిజిస్టరులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. పెద్ద సంస్థలయితే ఆడిటరు సంతకంతో సహా లెక్కలు దొరుకుతాయి. చెక్కు రాసేముందు అరగంట చూడండి. ఒక సంస్థని ఎంచుకోవడం కష్టమనిపిస్తే, 1963నుంచి పెద్ద సంస్థలన్నీ కలిసి విరాళాలు పోగుచేసే విపత్తు అత్యవసర సంఘం ఉంది. 2017 అక్టోబరులో రోహింగ్యాల కోసం అభ్యర్థించింది కూడా వాళ్ళే. ఇక్కడ పన్ను కట్టేవారు గిఫ్ట్ ఎయిడ్ కాగితం మీద సంతకం పెడితే ప్రతి పౌండుకీ ప్రభుత్వం 25 పెన్నీలు కలుపుతుంది. పాత చీరలూ, వాడిన మందులూ పంపవద్దు. వాటిని ఏరడానికే అక్కడ మనుషులు కావాలి. ఫలానా ఊళ్ళో ఫలానా పనికే అని మరీ బిగించి ఇవ్వవద్దు. అవసరం రేపు పక్క శిబిరానికి మారవచ్చు.

సంఘం తరఫున పంపే సొమ్ముకయితే, ఈ నాలుగు ప్రశ్నలూ కాగితం మీద రాసి ఆ సంస్థకి పంపి, వచ్చిన జవాబుల్ని ఈ పత్రికలోనే అచ్చువేయవలసిందిగా కోశాధికారిగారిని కోరుతున్నాం. ఆరు నెలల తర్వాత మళ్ళీ అడగాలి. జవాబు రాకపోతే ఆ సంగతీ వెయ్యాలి.