కోవిల్‌పట్టి కడలై మిఠాయి ఎవరిది?

పిల్లలూ, మీరు అంగట్లో కొనుక్కునే కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో చేసినదానికే ఆ పేరు చెల్లుతుంది. పేరు ఏ ఒక్క యజమానిదో కాదు, ఊరిది.

చేసేవి చాలావరకు చిన్న కార్ఖానాలే. నల్లరేగడిలో పండిన గింజలు వేయించి, పొట్టు తీసి, బద్దలు చేస్తారు. నీళ్లు తామ్రపర్ణివి. అసలు పనితనమంతా బెల్లం పాకం దగ్గరే. లేతగా దించితే పంటికి అతుక్కుంటుంది, మాడితే చేదు. పొయ్యి దగ్గరివాళ్లు నీళ్లలో రెండు చుక్కలు వేసి చూసి చెప్పేస్తారు. నా బి.ఎడ్. చదువులో ఇలాంటి పరీక్ష లేదు! వేడి మీదే పరిచి, ముక్కలు కోసి, పైన రంగు కొబ్బరి తురుము చల్లుతారు.

ఆ రేగడి నేలను దున్నినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటిభాష తెలుగే. మనవాళ్లు అక్కడికి వలస వచ్చిన కథను ఆయన తమిళంలో 'గోపల్ల గ్రామం' నవలగా రాశారు.

వేరుశనగ సేద్యానికీ, పాకానికీ మీ అవ్వాతాతలు వాడే తెలుగు మాటలు చాలావరకు మన పాఠ్యపుస్తకాల్లో లేవు. అడిగి, రాసుకుని శుక్రవారం తీసుకురండి. అమ్మానాన్నలు కాస్త సాయం చేయాలి.