గాలిగొట్టములలో గాలి ఎందుకు తగ్గును?

అమెరికాలోను, కెనడాలోను అనేక గృహములలో చలికాలపు వెచ్చదనమునకు, వేసవి చల్లదనమునకు ఒకే ఏర్పాటు ఉండును. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబములలో చాల భాగము ఇట్టి ఇండ్లలోనే నివసించుచున్నవి. నేలమాళిగలోనో, అటకమీదనో ఒక యంత్రము ఉండును. అందులోని పంకా గదులలోని గాలిని లోనికి పీల్చి, దుమ్మును ఆపు ఫిల్టరుగుండా పంపి, కాలమును బట్టి వేడిచేసి గాని చల్లబరచి గాని, గొట్టముల ద్వారా తిరిగి గదులకు చేర్చును. నేలలోనో, పైకప్పులోనో అమర్చిన జాలీనుండి ఆ గాలి వెలువడును.

ఒకనాడు ఆ గాలి మందగించును. యంత్రపు చప్పుడు వినిపించుచునే ఉండును, గది మాత్రము చల్లబడదు. అప్పుడు చాలమంది గోడమీది థర్మోస్టాటును ఇంకను తక్కువ డిగ్రీలకు త్రిప్పుదురు. దానివలన మేలు కలుగకపోగా కీడు కలుగవచ్చును. కారణము తెలియవలెనన్న గాలి చేయు పనిని ముందు గ్రహింపవలెను.

గాలి మోయు బరువు

ఈ ఏర్పాటులో గాలి బరువులు మోయు బండివంటిది. వేసవిలో అది గదిలోని వేడిని ఎత్తుకొనిపోయి, యంత్రములోని చల్లని లోహపు గొట్టముల మెలికల వద్ద దింపును. ఈ మెలికలకే కాయిల్ అని పేరు. చలికాలములో మంట వద్ద వేడిని ఎత్తుకొని గదిలో దింపును.

3 టన్నుల శీతలయంత్రమును ఉదాహరణగా తీసికొందము. ఇక్కడ టన్ను అనగా యంత్రపు బరువు కాదు. అది వేడిని తొలగించు వేగమునకు కొలత. ఒక టన్ను సుమారు 3.5 కిలోవాట్లకు సమానము. కాబట్టి 3 టన్నుల యంత్రము 10.5 కిలోవాట్ల వేడిని తొలగింపగలదు. అందుకు నిమిషమునకు సుమారు 34 ఘనమీటర్ల గాలి, అనగా ఇంచుమించు 41 కిలోగ్రాముల గాలి కాయిల్‌గుండా పోవలెను. ఒక కిలోగ్రాము గాలి ఒక సెంటీగ్రేడు డిగ్రీ చల్లబడుటకు సుమారు ఒక కిలోజౌలు వేడిని విడువవలెను. ఈ గాలి 11 డిగ్రీలు చల్లబడినచో తొలగిన వేడి సుమారు 7.5 కిలోవాట్లు. మిగిలిన 3 కిలోవాట్లు గాలిలోని తేమను నీటిబొట్లుగా మార్చుటకు వినియోగపడును. ఇది చిన్న పని కాదు. 1902లో విల్లిస్ కేరియర్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయము కొరకు ఇట్టి ఏర్పాటును రూపొందించినప్పుడు ముఖ్యోద్దేశము తేమను అదుపుచేయుటయే.

వేసవిలో మంచు, చలికాలములో మంట

గాలి తగ్గినప్పుడు బండ్లు తగ్గినట్లే. వేసవిలో కాయిల్ వద్దకు వచ్చు వేడి తగ్గును. సాధారణముగా 4, 5 డిగ్రీల వద్ద ఉండు కాయిల్ అప్పుడు సున్నకు దిగువకు పోవును. దానిమీద చేరిన నీరు మంచుగా గట్టిపడును. ఆ మంచు కాయిల్ రేకుల మధ్య సందులను మూసివేయును. గాలి ఇంకను తగ్గును, మంచు ఇంకను పెరుగును. ఇట్లు అతిగా చల్లబడిన యంత్రమే గదిని చల్లబరచలేకపోవును. థర్మోస్టాటును తగ్గించినచో యంత్రము ఆగక నడిచి, ఈ చక్రము మరింత బిగియును. పైగా ఆవిరి కావలసిన శీతలద్రవము ద్రవముగనే కంప్రెసరును చేరి దానిని పాడుచేయవచ్చును.

చలికాలములో దీనికి విరుద్ధముగా జరుగును. కలియబెట్టని పాయసము అడుగంటినట్లు, గాలి తీసికొనిపోని వేడి మంటచుట్టూ ఉన్న లోహములోనే నిలిచిపోవును. హద్దు మీరినప్పుడు ఒక రక్షణస్విచ్చి మంటను ఆర్పివేయును. కొంత చల్లబడిన పిమ్మట మంట మరల వెలుగును. ఏండ్ల తరబడి ఇట్లు కాగుచు ఆరుచు ఉన్న లోహము బీటలు వారవచ్చును. ఆ బీటలగుండా కార్బన్ మోనాక్సైడు గదులలోనికి ప్రవేశింపవచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు, అయినను ప్రాణము తీయును. కాబట్టి గాలి మందగించుట కేవలము సుఖమునకు సంబంధించిన విషయము కాదు.

దోషమును వెదకు క్రమము

ఒక పలుచని కాగితపు పట్టీని ప్రతి జాలీ ఎదుట పట్టి చూడవలెను. అన్ని గదులలోను పట్టీ బలహీనముగా కదలినచో దోషము యంత్రము వద్ద ఉన్నదని ఊహింపవచ్చును. ఒక గదిలో మాత్రమే అట్లున్నచో దోషము ఆ గదికి పోవు గొట్టములో ఉండును.

గాలి అంతట తగ్గినప్పుడు మొదట ఫిల్టరును చూడవలెను. ఎక్కువ సందర్భములలో దోషము అక్కడనే దొరకును. దానిని నెలకొకసారి పరీక్షించి, మూడు నెలలకు మించకుండ మార్చుట మంచిది. మరీ దట్టమైన ఫిల్టరు కొత్తదైనను గాలిని అడ్డగింపవచ్చును. తరువాత గాలిని పీల్చు జాలీకి సోఫా గాని, తెర గాని అడ్డముగా ఉన్నదేమో చూడవలెను. కాయిల్ మంచు పట్టి ఉన్నచో చల్లబరచుటను ఆపి, పంకాను మాత్రము నడుపవలెను. ఒక గ్రాము మంచు కరుగుటకు 80 కేలరీలు వలయును గనుక దీనికి కొన్ని గంటలు పట్టవచ్చును. మంచును కత్తితో గీకరాదు, గొట్టము చిల్లుపడును. ఫిల్టరు శుభ్రముగా ఉన్నను మరల మంచు పట్టినచో శీతలద్రవము తగ్గి ఉండవచ్చును. కాయిల్ మురికిపట్టుట, పంకా మోటారు నీరసించుట కూడ కారణములు కావచ్చును. వీనిని నిపుణుడే చూడవలెను.

గొట్టముల సంగతి పంటకాలువల వంటిది. పై కాలువకు గండి పడినచో శివారు పొలమునకు నీరందదు. కీలు వదలిన గొట్టము చల్లగాలిని అటకలో వృథాగా పోయును. సాధారణమైన ఇంటిలో గొట్టములగుండా పోవు గాలిలో నూటికి 20 నుండి 30 వంతులు ఇట్లు నష్టమగునని అమెరికా ప్రభుత్వపు ఎనర్జీ స్టార్ పథకము చెప్పుచున్నది. అతుకులకు బట్టతో చేసిన జిగురుపట్టీ చుట్టుట అక్కడి అలవాటు. దానికి డక్ట్ టేపు, అనగా గాలిగొట్టపు పట్టీ, అనియే పేరు. కాని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవారు 1998లో పలు విధములైన పట్టీలను, లేపములను పరీక్షింపగా, గాలిగొట్టములపై త్వరగా విఫలమైనది ఆ పట్టీయే. మాస్టిక్ అను చిక్కని లేపము పూయుట మేలు.

తెలుగునాట ఇండ్లలో గోడకు బిగించు ఏ.సి. యంత్రములకు పొడవైన గొట్టములు లేవు. కాని ఫిల్టరు, కాయిల్, పంకా వానిలోను ఉన్నవి, సూత్రము కూడ ఒక్కటే. గాలి మందగించినప్పుడు రిమోటు మీద డిగ్రీలు తగ్గించుటకంటె, ముందుగా విద్యుత్తును ఆపి, మూత తెరచి, ఫిల్టరును నీటితో కడిగి, ఆరిన పిమ్మట అమర్చి చూడవలెను.