పాదు చెప్పిన పంచాంగము

రోహిణి కార్తె యెండలకు నెఱ్ఱెలు విచ్చిన పెరటి నేల, మృగశిర ప్రవేశించి తొలకరి జల్లులు నాలుగు పడినంతనే మెత్తబడి గునపమునకు లొంగును. అటకమీది పందిరి త్రాళ్లను దింపించి, పాతగుడ్డ మూటలలో దాచిన బీర, సొర, పొట్ల, చిక్కుడు గింజలను వెదకి తీసి, ఏ పాదు ఏ గోడ దాపున నుండవలెనో యని యింటిల్లిపాదియు వాదులాడుకొను ఆ వారము దినముల సందడి తెలుగు పల్లెలలో నిప్పటికిని ఉన్నది. పట్టణములలో పెరడు మిద్దె నెక్కినదే గాని సందడి తగ్గలేదు. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదులో తమ యింటి కప్పుమీద కూరలు పండించి, ఆ యనుభవమును పుస్తకముగ ప్రకటించి, 'మిద్దెతోట' యను మాటను ఎందఱికో చేరువ చేసిరి. పెరడైనను మిద్దెయైనను, ఈ వ్యవసాయమునందలి చిక్కులును సుఖములును ఒక్క కారణముననే పుట్టుచున్నవని నా యభిప్రాయము: మొక్క తన తిథి వార నక్షత్రములను మన తీరిక కొఱకు మార్చుకొనదు.

ముందు ధనము మాట తీర్చుకొందము. కూరగాయల ఖర్చు కలిసివచ్చునను నాశతో మిద్దెతోటకు పూనుకొన్నవారు తొలి యేడు లెక్క వ్రాసి చూచుకొనకుండుట మేలు. కప్పునకు చెమ్మ దిగకుండ పూత వేయింపవలెను. ఘనమీటరు తడిమన్ను టన్నున్నరకు తక్కువ తూగదు గనుక, కప్పు మోయగలదో లేదో తెలిసిన యింజనీరు నడిగి, దూలముల వెంబడి మడులు కట్టించి, మంటిలో కొబ్బరిపొట్టును చివికిన పశువుల యెరువును కలిపి తేలిక పఱుపవలెను. ఇంత చేసి పండించిన మొదటి వంకాయకు విలువ కట్టినచో ఇంటివారే నవ్వుదురు. టమాటా కథ మఱియు విచిత్రము. 2023 జూలైలో టమాటా ధర కిలో నూఱు రూపాయలు దాటి సంసారులు హడలిపోయిన దినములలో, పెరటి మొక్క చూపులకు ఏపుగనే యున్నది గాని కాయ లేదు. పగటి వేడిమి 35 డిగ్రీలు దాటిన పిదప టమాటా పూత నిలువక రాలిపోవును, మే నెలలో రాలిన పూతకు జూలైలో కాయ యెక్కడిది? శీతకాలమున మన మొక్క కొమ్మలు విఱుగ కాయునప్పుడు సంతయంతయు టమాటాయే. రైతు ధర లేక బండెడు కాయలను బాట ప్రక్కన పారబోసి పోవుటయు తఱచుగ నప్పుడే. మన పెరటికిని రైతు చేనికిని సూర్యు డొక్కడే.

తీగజాతులకడ ఈ పంచాంగము మఱింత సూక్ష్మము. గుమ్మడి, సొర, బీర, కాకర పాదులలో మగపూవు వేఱు, ఆడుపూవు వేఱు. తొలుత వచ్చునవి సాధారణముగ మగపూవులు, వాని తరువాతగాని క్రింద చిన్న పిందెను దాల్చిన ఆడుపూవు కనబడదు. క్రొత్తగా పాదు పెట్టిన యిల్లాలు పూచిన పూవు పూచినట్లు రాలుట చూచి బెంగపడి ప్రక్కయింటి పెద్దావిడతో మొఱపెట్టుకొనును. "అవన్నీ పోతుపూలే తల్లీ, ఇంకొన్నాళ్లు ఓపిక పట్టు, కంగారుపడి ఎరువు గుమ్మరించకు" అని యామె చెప్పు నాలుగు మాటలలో ఉద్యానశాస్త్రము చాలవఱకు ఇమిడియున్నది. ఆడుపూవు వచ్చినను పని తీఱలేదు. తేనెటీగలు ఎత్తయిన మేడమీదికి రాకున్నచో, మగపూవును కోసి రేకులు తీసివేసి, దాని పుప్పొడిని ఆడుపూవు కీలాగ్రమునకు మనమే తాకింపవలెను. అందును వేళ తప్పరాదు: గుమ్మడిపూవు తెల్లవాఱుజామున విచ్చి ప్రొద్దెక్కునప్పటికి ముడుచుకొనును, కావున ఆలస్యముగ లేచువానికి గుమ్మడి కాయదు; బీర, సొర సాయంకాలము విచ్చును, కావున కచేరినుండి యిల్లు చేరిన యుద్యోగి చొక్కా విప్పకమునుపే ఆ పని చూచుకొనవచ్చును. ఈ సంగతి విత్తనపు పొట్లములమీద అచ్చువేయరు. దొండకు ఈ బాధ లేమియు లేవు. మనము పెంచు దొండ పరాగసంపర్కము లేకయే కాయ కట్టును, గింజతో పనిలేదు, ఎవరి పందిరినుండియో జానెడు ముదురు తీగముక్క తెచ్చి గ్రుచ్చిన చాలును. బద్ధకస్తుల కూర దొండ యని నేను నిందగా ననుట లేదు.

ఓర్పునకు పరీక్ష పెట్టునది చిక్కుడు. ఆషాఢమున వేసిన పందిరి చిక్కుడు శ్రావణ భాద్రపదములందు ఆకు తప్ప మఱేమియు నీయక పందిరిని క్రమ్ముకొని, ఎరువు వేసినకొలది ఇంకను ఆకే వేసి యజమానిచే తిట్లు తినును. పగళ్లు కుఱుచలై రాత్రులు నిడుపులైన పిదపగాని దానికి పూయ బుద్ధి పుట్టదు. ఈ స్వభావమును తప్పింపదలచి బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు అర్క జయ్, అర్క విజయ్ అను పొట్టి రకములను రూపొందించిరి. అవి పందిరి నడుగవు, ఋతువు నడుగవు. మేలైన రకములే, కుండీలకు తగినవే. ఐనను పుష్యమాసపు చలిలో పందిరినిండ పూవుల గుత్తులు నిక్కి చూచుచుండగా ఎదురుచూచి, మాఘశుద్ధ సప్తమినాడు చిక్కుడుకాయలతో రథము కట్టి చిక్కుడాకులో పరమాన్నము నివేదించు నింట, ఎప్పుడుపడిన నప్పుడు కాయు చిక్కుడుతో ఏమి చేసికొందురో నాకు తెలియదు.

పురుగులకును వేళలున్నవి. వానలు పట్టిన పిదప మునగమాను బెరడుమీద గొంగళిపురుగులు గుంపులు కట్టును. చలిదినములలో చిక్కుడు కొసలకు పేనుబంక పట్టును. మిరప ఆకు ముడుచుకొనును. ఆ ముడుతలోనే రోగనిదానమున్నది: అంచులు పైకి ముడిచినచో తామరపురుగు, క్రిందికి ముడిచినచో నల్లి, ఈ భేదము చూడక మందు చల్లిన డబ్బు దండుగ. వంగకొమ్మ చివర వ్రేలాడబడి, నీరు పోసినను తేఱుకొనకున్నచో లోపల తొలుచుపురుగు చేరినదని గ్రహించి ఆ కొసను వెంటనే త్రుంచి నాశనము చేయవలెను. చేతులార పెంచిన కొమ్మ గదా యని జాగుచేసినవాని కాయలన్నింటను రంధ్రములే. ఈ యొక్క పురుగు కొఱకే జన్యుమార్పిడి చేసిన బి.టి. వంకాయ సిద్ధమై, దేశమంతట వాదోపవాదములు చెలరేగి, 2010 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వముచే నిలుపబడిన దన్నచో, అది యెంతటి మొండిఘటమో ఊహింపవచ్చును. బెండకు తెల్లదోమ తెచ్చు పల్లాకు తెగులు సోకినచో మందు లేదు, మొక్కను పెఱికివేయుటయే. తక్కిన మెత్తని పురుగులకు, వేపగింజల పొడిని లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున రాత్రియంతయు నానవేసి, వడగట్టి, రవ్వంత సబ్బునీరు చేర్చి, ఎండకు సత్తువ కోల్పోవును గనుక సాయంకాలము చల్లవలెను.

కోతికి మాత్రము పంచాంగము లేదు. తెలంగాణమున ఎన్నో యూళ్లలో కోతుల బెడదకు వెఱచి కూరపాదులు మానుకొన్న కుటుంబములు కలవు. బొమ్మలు నిలిపినను, టపాకాయలు కాల్చినను, మూడునాళ్లలో అవి దానికి చుట్టములగును. తినిపోయిన దుఃఖము లేదు. ప్రతి కాయను ఒక్క కొఱుకు కొఱికి, నచ్చక, మన కండ్లయెదుటనే విసరివేయు నా నిర్లక్ష్యమును సహించుట కష్టము. ఇనుపవల తప్ప ఉపాయము నే నెఱుగను.

ఇన్నింటిని దాటి కాపు వచ్చినప్పుడు అంతయు నొక్కసారి వచ్చును. తొలి బీరకాయను కోసిననాటి సంబరము వర్ణింపనలవి కాదు. ఆ పూట కోసి ఆ పూటే వండిన లేతకాయకు నీరు పోయనక్కఱలేదు, నూనె లెక్క చూడనక్కఱలేదు, తొక్కుతో పచ్చడియు నగును. నాల్గవనాటికి పిల్లలు కంచము చూచి లేచిపోవుదురు. ఆఱవనాటికి ఇరుగుపొరుగుల తలుపులు తట్టవలసివచ్చును. "వదినగారూ, రెండు కాయలు తెచ్చాను" అనగా, "అయ్యో, మొన్న మీరిచ్చినవే ఇంకా ఉన్నాయమ్మా" యని యామె తలుపు సగమే తెఱచును. పోనిండని కోయకుండ నుంచుటకును వీలులేదు. ఊరికి పోయి రెండునాళ్లకు వచ్చినచో బెండ నారయగును, దోస పండిపోవును.

కోయక నుంచవలసినది విత్తనపు కాయ. సంకరజాతి పొట్లము కొన్నవారికి ఈ తగవు లేదు. దాని గింజ మఱుసటి యేడు తల్లివలె కాయదు గనుక ప్రతి మృగశిరకును కొట్టునకు పోవలసినదే. నాటురకమును నమ్ముకొన్నవారు, నేనును ఆ పక్షమువాడనే, చక్కని నిడుపాటి కాయనొకదానిని పేలిక కట్టి గుర్తుపెట్టి, తీగమీదనే ఎండువఱకు ముట్టరాదు. చేదుకాయ కాచిన పాదునుండి గింజ దాచనే రాదు. ముదురుకాయ నిలిచిన తీగకు క్రొత్తపిందెలు తగ్గును గనుక, ఏ కాయను ఎప్పుడు వదలవలెనను విషయమున వండువారికిని పాదు పెట్టినవారికిని ఏటేట వాగ్వాదమే. ఎండిన బీరకాయ పీచు ఒళ్లు తోముకొనుటకు పోగా, గింజలను బూడిదలో కలిపి సీసాలో పోసి, పేరు వ్రాసి పెట్టుదురు. పాదుకు నాలుగు గింజలు చాలును, మిగిలినవి పంచవలసినదే. కాయలకు తలుపు సగమే తెఱచిన వదినగారు గింజలనునప్పటికి కొంగు పట్టుకొని వీధిలోనికే వచ్చును.